తూకానికి దొరకనిది

“ఇది చెమట కాకపోతే మరేంటి?”

వార్డెన్ తలగడ గలీబును రెండు వేళ్లతో పట్టుకుని వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. దొంగసొత్తు పట్టుకున్నవాళ్లు నిలబడే తీరు అది.

“నీళ్లు వదినా. సీసా మూత సరిగ్గా బిగించలేదు. రాత్రి పక్కలో పొర్లినప్పుడు ఒలికిపోయింది,” అంది కౌంటరమ్మ.

“తప్పంతా సీసా మీదికి తోసేశావు. పాపం, దానికి నోరు లేదు.”

“నాకుందిగా. నీళ్లే అని చెబుతున్నానుగా.”

“హాస్టల్లో ఆడపిల్లలు కూడా నోటితోనే చెప్పేవాళ్లు, నీళ్లే అని.”

వార్డెన్ కౌంటరమ్మ భర్తకి, అంటే దర్జీకి, స్వయానా అక్క. హాస్టల్లో పనిచేసిన రోజుల్లో, దుప్పటి కింద ఎవరు చదువుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో మెట్ల దగ్గర నిలబడే చెప్పేదట. రిటైరయ్యాక ఆ చూపుకి పని లేకుండా పోయింది. మరదలి జబ్బు తిరగబెట్టిందని తెలిశాక పెట్టె సర్దుకుని వచ్చి, ఆ చూపునంతా తెచ్చి ఈ ఇంట్లో దింపింది.

“రాత్రి చెమటకి పక్క తడిసిపోతే చెప్పమని డాక్టరమ్మ అందా లేదా?” వార్డెన్ గలీబును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. “ఒరేయ్ తమ్ముడూ! ఇలా రా. నువ్వు చూడు.”

దర్జీ ముందుగదిలో మిషన్ దగ్గర ఉన్నాడు. అతని కుట్టుషాపు ఆ ముందుగదే. మిషన్ చప్పుడు ఆగింది గానీ మనిషి లేవలేదు.

“తూకం తగ్గలేదుగా అక్కా,” అన్నాడు అక్కణ్నుంచే. “తూకం తగ్గనప్పుడు చెమటైతేనేం, నీళ్లైతేనేం?”

మళ్లీ మిషన్ తిరిగింది.

కౌంటరమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. బస్ డిపోలో టికెట్ల కౌంటర్లో ఆమె ఉద్యోగం. అద్దానికున్న చిన్న కంతలోంచి లోపలికొచ్చే మాటలు వినీ వినీ, అడగని సంజాయిషీ ఎవరిస్తున్నారో ఇట్టే పట్టేస్తుంది. చెమట గురించి అడిగితే భర్త తూకం గురించి చెప్పాడు. అదీ తడుముకోకుండా, ముందే నోట్లో పెట్టుకుని కూర్చున్నట్టు.

జబ్బు మొదటిసారి వచ్చినప్పుడు మందులు ఎక్కించారు, తగ్గింది. కొన్నేళ్లు గడిచాయి. ఈ మధ్య మెడ దగ్గర మళ్లీ చిన్న గడ్డ తగిలింది. పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ చల్లగా చెప్పింది. “ఇది నిదానంగా పెరిగే లింఫోమా. తిరిగి వచ్చిందని వెంటనే మందు మొదలుపెట్టక్కర్లేదు. కనిపెట్టుకుని ఉందాం. కొత్తగా ఏ మార్పొచ్చినా నాకు చెప్పండి. అది చిన్నదో పెద్దదో నేను చూసుకుంటాను.”

అప్పటినుంచీ ఇంట్లో ముగ్గురూ ఆమెను కనిపెడుతున్నారు. ఆమె ఆ ముగ్గురినీ కనిపెడుతోంది.

“అమ్మా, ఇవాళ ఆదివారం కాకపోయినా ఒకసారి ఎక్కు,” అంటూ కూతురు తూకం మిషన్ను కాలితో తోసుకుంటూ వచ్చింది.

“మొన్నేగా ఎక్కాను.”

“మళ్లీ ఎక్కు. అత్తకి నిద్ర పట్టాలిగా.”

కూతురు డ్రైవింగ్ నేర్పిస్తుంది. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుంటుంది. ఆమె కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదుటి మనిషి చేయబోయే తప్పు, చేయకముందే ఆ కాలికి తెలియాలి. ఇంటికొచ్చినా ఆ కాలు బ్రేకు మీదనుంచి తీయదు.

“జ్వరం చూసుకున్నావా?”

“చూసుకున్నాను.”

“ఎంతుంది?”

“నీకెంతుందో అంతే ఉంది. పో.”

నవ్వుతూనే మిషనెక్కింది కౌంటరమ్మ. కూతురు వంగి చూసింది. వార్డెన్ కళ్లజోడు సవరించుకుని మరీ చూసింది. అంకె కదల్లేదు. పోయిన వారం ఎంతో ఇప్పుడూ అంతే.

“చూశారా? రాయిలా ఉంది మనిషి,” అంది కూతురు.

దర్జీ కూడా గుమ్మందాకా వచ్చాడు. అందరి కళ్లూ కిందున్న అంకె మీద ఉంటే, అతని కళ్లు మాత్రం పైన ఆగాయి. ఆమె యూనిఫాం కోటు నడుం గుండీ దగ్గర. ఆమె తనవైపు చూసేసరికి చూపు తిప్పుకుని, మెడలో టేపు సరిచేసుకుంటూ వెళ్లిపోయాడు.

మిషన్ దిగుతూ ఆమె అనుకుంది, ‘ఇంట్లో ఏదో ఉంది. నాకు తప్ప అందరికీ తెలిసింది ఏదో. లేకపోతే ఈయనకొక్కడికే తెలిసింది.’

* * *

“మీ ఆయనకి పక్షపాతం అండీ,” అంది పక్క కౌంటర్ ఆవిడ.

బస్సు వెళ్లిపోయి వరుస పలచబడింది. పక్క కౌంటర్ ఆవిడను డిపోలో అందరూ ‘చిల్లర లేదమ్మ’ అంటారు. ఎంత చిల్లర ముందు పెట్టుకున్నా ఆమె నోట మొదట వచ్చే మాట అదే.

“ఏం పక్షపాతం?”

“నా కోటు చూడండి. నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు ఇందులో. మీది చూడండి, ఒంటికి పోతపోసినట్టుంది.”

“రెండూ ఒకేసారి కుట్టాడుగా. డిపో అందరికీ యూనిఫాం కోట్లూ స్కర్టులూ ఆయనేగా కుట్టింది.”

“అదేగా నా ఏడుపు. కొత్తలో మీదీ నాలాగే ఉండేది. మీరు గుట్టుగా బిగించుకున్నారు. నాకు మాట మాత్రం చెప్పలేదు.”

“నేనెప్పుడు బిగించుకున్నాను?”

“నన్నడుగుతారేంటి? నేనేమన్నా మీ ఇంటి గోడకున్న బల్లినా?”

కౌంటరమ్మ నవ్వలేదు. గాజుపలకలో తన నీడ కనిపించింది. కోటు భుజాలు ఎముక మీద చక్కగా కూర్చున్నాయి. వేసుకున్నది ముతకబట్ట. అదీ ఏళ్ల తరబడి వేసుకుంటున్న కోటు. వదులవ్వాలి గానీ, ఇలా కూర్చోకూడదు.

“కాస్త నా వరుస కూడా చూడండి. ఇప్పుడే వస్తాను.”

ఆడవాళ్ల విశ్రాంతి గదిలో గడియపెట్టి కోటు విప్పింది. లోపలివైపు తిప్పి కిటికీ వెలుగులో పట్టుకుంది.

దర్జీ పెళ్లాం అయ్యి ఇంతకాలమైంది. కుట్టు చదవడం ఆమెకి ఎవరూ నేర్పలేదు, వచ్చేసింది. కోటు అంతా పాత దారం. ఉతికి ఉతికి పాలిపోయింది. భుజాల దగ్గర, చంకల కింద, చేతుల పైభాగంలో మాత్రం దారం కొత్తది. నిగనిగలాడుతోంది. ఆ కుట్టుకి ఒక వేలు బయటగా, పాత కుట్టు తీసేసినచోట సూది గుచ్చిన చుక్కలు వరసగా ఉన్నాయి. ఇస్త్రీపెట్టె వాటి మీద గట్టిగా తిరిగింది, అయినా చావలేదు.

ఆ చెయ్యి ఎవరిదో ఆమెకి తెలుసు. మూల తిరిగేచోట ఒక కుట్టు వెనక్కి వేసి ముందుకు పోవడం అతనికి అలవాటు.

అంటే తను తగ్గుతోంది. తగ్గుతున్నకొద్దీ అతను కోటును తగ్గిస్తున్నాడు, తనకి తెలియకుండా.

కోటు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. మరి తూకం? వారం వారం అంకె అలాగే ఎందుకుంటోంది? కోటు కుట్టు మార్చినవాడికి తూకం మిషన్ వెనక ఉన్న మర తిప్పడం ఒక లెక్కా?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ డిపోలో పార్శిల్ సెక్షన్ ఉంది.

“ఏంటి మేడం, ఇటొచ్చారు?” అన్నాడు పార్శిలాయన, మూట మీద చీటీ అంటిస్తూ.

“కాస్త మీ కాటా మీద నిలబడతాను.”

“నిలబడండి. ఏ ఊరికి పంపమంటారు?”

“ఊరు సంగతి తర్వాత. ముందు బరువు చెప్పండి.”

“చీటీ కూడా అంటించనా?”

“అంటించండి. పగిలే వస్తువు, జాగ్రత్త అని.”

పార్శిలాయన పగలబడి నవ్వి, ముల్లు ఆగాక చెప్పాడు. ఇంట్లో మిషన్ చెప్పిందే చెప్పాడు.

“సరిగ్గా చూశారా?”

“తూనికల ఆఫీసువాళ్లు దీన్ని సరిచూసి ముద్ర వేసి వెళ్లారు మేడం. గుండుసూది పెట్టినా ఒప్పుకుంటుంది. ఏం, తగ్గాలనుకున్నారా, పెరగాలనుకున్నారా?”

ఆమె కాటా దిగింది. ఇంటి మిషన్లో మోసం లేదు. బరువు తగ్గలేదు. మరి భుజాలు ఏమైపోయాయి?

పర్మిషన్ అడిగి, మిగతా పూట పక్క కౌంటర్ ఆవిడకు అప్పజెప్పి బయలుదేరింది. దారిలో రెండుసార్లు అనుకుంది, ఇది తన అనుమానమేనేమో, రోగం కంటే ముందు బుర్ర పాడైందేమోనని. ఆ ప్రతిసారీ చేతిమీద వేసుకున్న కోటు తిప్పి కొత్త దారం చూసుకుంది.

* * *

ముందుగదిలో ఎవరో లావుపాటి మనిషి కొత్త ప్యాంటు వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. దర్జీ మోకాళ్ల మీద కూర్చుని అంచు మడుస్తున్నాడు.

“నడుం దగ్గర కాస్త బిగువుగా ఉందేమో,” అన్నాడాయన.

“కూర్చుని చెప్పండి సార్. నిలబడి ఉన్నప్పుడు నడుం అబద్ధం చెబుతుంది.”

తలెత్తి గుమ్మంలో భార్యను చూశాడు. ఆమె చేతిలో తిరగేసి ఉన్న కోటును చూశాడు. నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బీలో వేశాడు.

ఆమె బల్ల మీద కూర్చుంది. ఆ పెద్దమనిషి కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, జేబులు లోతుగా లేవన్నాడు, వాళ్ల తోడల్లుడి ప్యాంటు ఎంత బాగా కుదిరిందో చెప్పాడు. దర్జీ అన్నిటికీ తల ఊపాడు. ఎప్పుడూ లేనిది, జేబులు రెండుసార్లు కొలిచాడు.

చివరికి ఆయన వెళ్లిపోయాడు.

“పెందలాడే వచ్చావే,” అన్నాడు దర్జీ.

“ఈ భుజాలు ఎప్పుడు లోపలికి పట్టారు?”

“ఏ భుజాలు?”

అతని చెయ్యి తనకు తెలియకుండానే తన భుజం మీదికి వెళ్లింది.

“గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. చాల్లెండి, చెయ్యి దించండి.”

అతను చెయ్యి దించాడు. “వదులయ్యాయి. సరిచేశాను. అది కూడా తప్పేనా? కత్తెర పట్టినవాడి పెళ్లాం గోనెసంచి తొడుక్కున్నట్టు పోతే నలుగురూ నన్ను అనరూ?”

“నాకు చెప్పకుండా ఎందుకు చేశారు?”

“గుండీ ఊడితే చెప్పే కుట్టానా ఎప్పుడైనా?”

“గుండీ ఊడటం వేరు, మనిషి కరిగిపోవడం వేరు.”

“ఎక్కడ కరిగావు? తూకం అలాగే ఉందిగా!” అతని గొంతు పెరిగింది. “వారం వారం అందరం చూస్తున్నాంగా!”

“అందరూ చూస్తున్నారు. మీరు చూడట్లేదు. పొద్దున అంకె మీద కళ్లు పెట్టకుండా నా నడుం మీద పెట్టారు. ఎందుకు?”

దర్జీ మిషన్ చక్రం మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు. తేలు కుట్టిన దొంగలా అలాగే ఉండిపోయాడు.

ఆ మౌనం చూసి ఆమెకు అసలు భయం మొదలైంది. భుజాల గురించి అడిగితే కోప్పడ్డ మనిషి, నడుం మాట ఎత్తగానే మూగవాడయ్యాడు.

లేచి లోపలికి వెళ్లింది. యూనిఫాం స్కర్టు మార్చుకుని, విడిచినదాన్ని తెచ్చి కత్తిరింపు బల్ల మీద పరిచింది. నడుం దగ్గర, ఎప్పుడూ కోటు కప్పి ఉండే భాగం పైకి వచ్చేలా. ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించేది అతనే. డ్యూటీకి ఆలస్యమవుతుంటే ఆమె తొడుక్కుని హుక్కు పెట్టుకుని పరిగెత్తడమే.

పక్క కుట్టు దగ్గర బట్ట ముదురు నీలంగా ఉంది. స్కర్టు మిగతాదంతా ఉతుకులకి వెలిసిపోయింది. ఇన్నేళ్లూ మడతలో దాగి ఉన్న గుడ్డ, ఎండా నీళ్లూ ఎరగని గుడ్డ, బయటికొచ్చింది. అదీ ఒక్క గీత కాదు. వెలిసిన నీలం పక్కన కాస్త ముదురు నీలం, దాని పక్కన ఇంకాస్త, చివర కొత్తబట్టలాంటి నీలం. మెట్లు మెట్లుగా.

“పైన లోపలికి పట్టారు,” అంది మెల్లగా. “కింద వదిలారు.”

దర్జీ స్కర్టు మడవబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఎన్నిసార్లు వదిలారు?”

“ఏంటీ రగడ? వీధికి వినపడుతోంది,” అంటూ వార్డెన్ వచ్చింది. బల్ల మీద చూసింది. మరదలినీ తమ్ముణ్నీ మార్చి మార్చి చూసింది. స్కర్టు అందుకుని వేళ్లతో తడిమి, ముఖం విప్పార్చుకుంది.

“నడుం వదిలాడా? ఓసి పిచ్చిదానా! ఒళ్లు చేశావన్నమాట. నేను వచ్చి వంట పట్టుకున్నాక ఇంట్లో అందరికీ...”

“వదినా, మీ వంట నేను తినట్లేదు.”

వార్డెన్ మాట మధ్యలో ఆగింది.

“రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది. ఇక్కడ,” ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది కౌంటరమ్మ, “ఏదో బరువు పెట్టినట్టుంటోంది. డిపోలో తిన్నానని చెబుతున్నాను. డబ్బాలో పెట్టిచ్చింది అక్కడున్న కుక్కకి పెడుతున్నాను.”

“కుక్కకా?”

“మీ వంట పడట్లేదనుకున్నాను. చెబితే మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు.”

“అంత బాగోదా నా వంట?”

“బాగోదు వదినా. కానీ కారణం అది కాదేమో.”

వార్డెన్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. గలీబు మీది తడి నీళ్లో చెమటో వాసన చూసి తేల్చాలనుకున్న మనిషి, రోజూ ఖాళీగా తిరిగొచ్చిన డబ్బాను చూసి మురిసిపోయింది. ఇప్పుడు అది గుర్తొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కుక్క ఎలా ఉంది?” అంది చివరికి, చిన్న గొంతుతో.

“బలిసింది.”

ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వలేకపోయారు.

వీధిలో కారు ఆగింది. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య ఏదైనా తినిపోదామని వచ్చిన కూతురు, గదిలో వాళ్ల ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వాళ్ల అత్త చెప్పింది. ఈసారి ఎక్కడా తన మాట కలపకుండా, చూసింది చూసినట్టు చెప్పింది.

“నాన్నా,” అంది కూతురు. “నీకు తెలిసి కూడా చెప్పలేదా?”

“ఏం తెలుసు నాకు? గుడ్డ తెలుసు.”

“ఏ మార్పొచ్చినా చెప్పమందిగా డాక్టరమ్మ!”

“ఫోన్లో అడిగినప్పుడల్లా, బరువు తగ్గారా అని అడిగారు. తగ్గలేదని చెప్పాను. అందులో అబద్ధం ఉందా?”

“నువ్వు చెప్పింది అబద్ధం కాదు నాన్నా. చెప్పనిది ఉంది చూడు, అదీ.”

“అయితే ఏం చెప్పమంటావు?” దర్జీ ఒక్కసారి లేచాడు. టేపు మెడలోంచి జారి కిందపడింది. “పైన ఎండిపోతోంది, కింద ఉబ్బుతోంది, అందుకే తూకం కదలట్లేదు అని చెప్పనా? చెబితే ఏం చేస్తారు? మళ్లీ ఆ సూదులు, ఆ మందులు. అప్పుడు మీ అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఏమందో నువ్వు విన్నావా? నేను విన్నాను. ‘మళ్లీ ఇది వస్తే నా వల్ల కాదు, నన్ను వదిలెయ్యండి’ అంది. చెప్పవే, అన్నావా లేదా?”

కూతురు తల్లివైపు తిరిగింది.

“అన్నాను,” అంది కౌంటరమ్మ.

“మరి?”

“నేనన్నాను. మీరెందుకు అంటున్నారు నా బదులు?” ఆమె గొంతు పెరగలేదు. అందుకే అందరికీ తగిలింది. “కాదనాల్సి వస్తే నేను కాదంటాను. డాక్టరమ్మ ముందు కూర్చుని, నా నోటితో. ఆ మాట అనే అవకాశం నాకు లేకుండా లోపలికి మడిచి కుట్టేశారు. నా ఒంట్లో జరుగుతున్నది నాకంటే ముందు నా కోటుకి తెలిసింది.”

దర్జీ తల వంచుకున్నాడు. కిందపడ్డ టేపు తీసుకుని, చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు.

“వదిలిన ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకున్నాను,” అన్నాడు.

ఆమె అతని భుజం మీదుగా చెయ్యి చాపి, కత్తిరింపు బల్ల అంచున ఉన్న ఫోను తీసుకుంది.

* * *

మొదట నర్సు ఎత్తింది. కౌంటరమ్మ దాచకుండా చెప్పింది. రెండు ముద్దలకే నిండిపోవడం, ఎడమవైపు బరువు, చేతులు సన్నబడటం, నడుం పెరగడం, తూకం మాత్రం కదలకపోవడం. చెబుతుంటే ఆమెకే ఆశ్చర్యంగా ఉంది, ఇన్ని ఉన్నాయా అని. ఒక్కొక్కటీ విడిగా ఉన్నప్పుడు ఒక్కొక్కదానికీ ఏదో ఒక కారణం దొరికింది. వదిన వంట. వయసు. డిపోలో కూర్చునే ఉద్యోగం.

“జ్వరాలున్నాయా? రాత్రిళ్లు చెమటలు?”

“లేవు.” గుమ్మంలో ఉన్న వార్డెన్‌కేసి చూసి, “నీళ్లు ఒలికాయి, అంతే,” అంది.

“పొట్ట పెరగడం ఎప్పటినుంచి? మెల్లగా పెరిగిందా, ఈమధ్య తొందరగా పెరుగుతోందా? ఇది బాగా గుర్తు చేసుకుని చెప్పండి.”

కౌంటరమ్మకు తెలియదు. తన నడుం ఎప్పుడు ఎంత పెరిగిందో, భర్త తనకి ఎప్పుడూ తెలియనివ్వలేదు. హుక్కు రోజూ హాయిగా పడింది.

ఫోను భర్త ముందుకు చాపింది.

“దీనికి జవాబు మీ దగ్గరే ఉంది. చెప్పండి.”

అతను తీసుకున్నాడు. చెవికి ఆనించుకున్నాడు.

“నేను ఆమె భర్తనండి. దర్జీని,” అన్నాడు. “మొదటిసారి వదిలింది... ఎండలు ముదిరినప్పుడు. అర వేలు. అది చాన్నాళ్లు సరిపోయింది. రెండోసారి వానలు పడ్డాక. అప్పుడు ఒక వేలు.” బల్ల మీది స్కర్టులో చివరి నీలం మీద వేలు పెట్టాడు. “మూడోసారి పోయిన వారం. అప్పుడు లోపలున్న గుడ్డంతా వదిలేశాను. ఇక వదలడానికి లేదు.”

“ఊఁ. చెప్పండి.”

“పొద్దున చూశాను. మళ్లీ బిగిసింది.”

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. లైన్లో ఉండమని, డాక్టరమ్మకి ఇస్తానని నర్సు అంది.

కూతురు అప్పటికే తాళంచెవులు పట్టుకుని వీధిలోకి నడిచింది. వార్డెన్ సంచిలో ఏం సర్దాలో తెలియక, తువ్వాలు పెట్టి, తీసి, మళ్లీ పెడుతోంది. మళ్లీ బిగిసిందన్న మాట విన్న దగ్గర్నుంచి కౌంటరమ్మ కదల్లేదు. నిదానంగా పెరిగేది అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్లూ నిద్రపోయింది. వారం తిరక్కుండా బిగిసేదాన్ని నిదానం అంటారా?

ఫోన్లో డాక్టరమ్మ గొంతు వినిపించింది. మాటలు తెలియట్లేదు గానీ ప్రశ్నలని తెలుస్తోంది. దర్జీ “అవునండి” అన్నాడు. “లేదండి” అన్నాడు. తర్వాత చాలాసేపు విన్నాడు. అతని ముఖంలోంచి రంగు పోతోంది, ఉతుకుడుకి బట్ట వెలిసినట్టు.

అటునుంచి ఏదో అడిగారు. ఈసారి ఆ మాట ఆమెకి కూడా వినబడింది.

“ఫోను ఆమెకివ్వండి. నేను ఆమెతోనే మాట్లాడాలి.”

దర్జీ తలెత్తాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉంది భార్య. ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు.

“ఆమె ఇప్పుడే బయటికెళ్లిందండి, ఇక్కడ లేదు,” అన్నాడు. “అదేంటో నాకు చెప్పండి.”

ఆమె చెయ్యి చాపింది.

అతను ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.